కాలితో నెట్టే స్కూటరు – ఆనవాళ్లు, ఆచూకీ

స్కూటరు అనగానే మనకు మనసులో మెదలునవి వెస్పా, లాంబ్రెట్టా, చేతక్. హైదరాబాదువారికైతే వీటితోపాటు మన ఊరి ఆల్విన్ పుష్పక్. నేడు ముచ్చటింపదలచిన స్కూటరుకు ఇంజను లేదు, పెట్రోలు అక్కరలేదు, కూర్చుండుటకు సీటు లేదు, తొక్కుటకు పెడళ్లు లేవు. రెండు చక్రాలు, వాటి నడుమ ఒక పలక, ముందు ఒక హ్యాండిలు – అంతే. ఒక కాలు పలకపై ఉంచి, రెండవ కాలితో నేలను వెనుకకు తన్నినచో బండి ముందుకు సాగును. పిల్లల ఆటవస్తువుగా దీనిని అందరును ఎరుగుదురు. పెద్దవారు ఎక్కి పనిపాటలకు వాడుకొనునంత పెద్దదిగా, బలముగా చేసిన పాత బండి మాత్రము మన వైపు బహు అరుదు. అట్టిదొకటి తమ ఇంట ఉన్నదని తాండూరు నుండి ఒక శ్రోత పోయిన వేసవిలో ఉత్తరము వ్రాసినారు.

ఉత్తరము సారాంశమిది. వారి తాతగారి పాత పప్పుమిల్లు షెడ్డును విప్పుచుండగా అటుక మీద తుప్పు పట్టిన బండి బయటపడినది. దానికై ఇద్దరు బేరగాళ్లు వచ్చినారు. మొదటివాడు పాత ఇనుము కొనువాడు; కిలోల లెక్కన తూచి తీసికొనిపోయెదనన్నాడు. రెండవవాడు హైదరాబాదులో పాత వస్తువుల వర్తకము చేయువాడు. ఇది యుద్ధకాలపు విదేశీ బండియని, మంచి ధర పలుకునని, తన ఖర్చుతో రంగు వేయించి మరీ చూపెదనని చెప్పినాడు. తమ్ముడు అమ్ముదమనుచున్నాడు. తల్లి వద్దనుచున్నది, కారణము మాత్రము చెప్పదు. “ఇది ఏమిటో తెలిసినగాని మా ఇంట ఈ తగవు తీరదు. దసరాకు స్థలము ఖాళీ చేయవలెను. మీరేమైన చెప్పగలరా?” అని ముగించినారు.

ఉత్తరము చదివిన వెంటనే ఫోను చేసి ఒక్క మాట చెప్పినాను: రంగు వేయనీయకండి, నేను వచ్చి చూచువరకు గుడ్డతో కూడ తుడువకండి.

ఈ తొందరకు కారణము నా సొంత తప్పిదము. మా మేనమామ వికారాబాదులో రైల్వే ఉద్యోగము చేసెడివారు. సెలవులకు అక్కడికి పోయినప్పుడు మాకు పెద్ద వినోదము రైలు ట్రాలీ. తనిఖీ అధికారి బల్ల మీద కూర్చుండగా, పనివారు పట్టాల మీదనే పరుగెత్తి దానిని తోసి, వేగము అందుకొనగానే తామును ఎగిరి ఎక్కెడివారు. నెట్టుట, ఎక్కుట, జారిపోవుట – కాలి స్కూటరు సూత్రమును నేను మొదట కన్నది ఆ పట్టాల మీదనే. మామయ్య క్వార్టరు వెనుక పెద్దలు ఎక్కదగిన అట్టి స్కూటరొకటి ఉండెడిది. ఎవరో బదిలీ మీద పోవుచు విడిచిపోయినదట. 1990 ప్రాంతమున, నాకు పన్నెండేండ్ల వయసులో, దానికి కొత్త రూపు ఇయ్యవలెనని బుద్ధి పుట్టి, ఉప్పుకాగితముతో పైనుండి క్రిందివరకు రుద్ది, మిగిలిపోయిన ఆకుపచ్చ రంగు పూసినాను. హ్యాండిలు కడ్డీ మీద సగము చెరగిన బంగారు వన్నె అక్షరాలు కొన్ని ఉండెడివి. అవియును ఆ రుద్దుడులో పోయినవి. మామయ్య సాయంకాలము వచ్చి చూచి, “అయ్యో, పేరు పోయిందిరా అల్లుడా” అన్నారు. అంతకు మించి ఒక్క మాట అనలేదు. తరువాత ఆయన ఉద్యోగ విరమణ చేసి ఇల్లు మారినప్పుడు ఆ బండి పాత సామానుతోపాటు పోయినది. నాటినుండి అట్టి బండి ఎక్కడైన ఉన్నదని విన్నప్పుడెల్ల పోయి చూచుట నాకు అలవాటైనది.

కనుక తాండూరు రైలెక్కినప్పుడు నా మనసులో ఒక ఆశ లేకపోలేదు. వికారాబాదునకు తాండూరు దూరము సుమారు 40 కిలోమీటర్లు. ఒక ఊరి పాత సామాను మరియొక ఊరికి చేరుట వింత కాదు. మిల్లులో అడుగు పెట్టగానే ఆ ఆశ తీరిపోయినది. మామయ్య బండి చక్రాలు చిన్నవి, వాటికి గాలిలేని గట్టి రబ్బరు తొడుగులు ఉండెడివి. నా ఎదుట ఉన్నదానికి నిండు సైకిలు చక్రాలు, గాలి టైర్లు. సైకిలు గాలి టైరును డన్‌లప్ 1888లో వాడుకలోనికి తెచ్చినాడు కాని, గట్టి రబ్బరు చక్రాలు పిల్లల బండ్లకు ఆ తరువాతను చాలకాలము నిలిచినవి. కావున చక్రమును చూచి ఇది పాతది, ఇది కొత్తది అని నిర్ణయింపరాదు. ఇది ఆటకు చేసినదా, పనికి చేసినదా అని మాత్రము కొంత ఊహింపవచ్చును.

పెద్దల బండియని తేల్చుటకు మూడు విషయములు చూడవలెను. హ్యాండిలు నిలుచున్న మనిషి నడుము వరకైన రావలెను. పలక మీద నిండు పాదము ఆనుటయే గాక, తన్నిన కాలిని తెచ్చి ప్రక్కన పెట్టుకొనుటకు చోటు ఉండవలెను. చక్రపు ఇరుసులో ఉత్త బుష్‌లు కాక బేరింగు గోళీలు ఉండవలెను. పిల్లల బరువుకు బుష్ చాలును, పెద్దల బరువుకు చాలదు. తాండూరు బండి మూడింటను నెగ్గినది.

ఇక ఆ వర్తకుడన్న విదేశీ బండి మాట. పెద్దల స్కూటరు అనగానే అమ్మకపుదారులు వల్లించే పేర్లు కొన్ని గలవు. 1915 నుండి న్యూయార్కులో తయారైన ఆటోపెడ్ ఒకటి. రూపములో కాలి స్కూటరువలెనే ఉండును కాని దాని ముందు చక్రము మీద పెట్రోలు ఇంజను కలదు. 1919లో ఇంగ్లండులో వచ్చిన స్కూటమోటకు ఇంజనే గాక కూర్చుండుటకు సీటు కూడ ఉండెను. రెండును మన లెక్కలోనివి కావు. మూడవది మిక్కిలి తమాషా అయినది: 1934 నుండి 1937 వరకు అమెరికాలో షికాగో నగరమున ఇంగర్‌సాల్ ఉక్కు కర్మాగారము అమ్మిన ఇంగో బండి. దాని వెనుక చక్రపు ఇరుసు చక్రము నడుమ ఉండదు, ఒక ప్రక్కకు జరిగి ఉండును. కావున చక్రము తిరిగినప్పుడెల్ల పలక లేచి పడుచుండును. దాని మీద నిలిచినవాడు ఆ లయకు తగినట్లు శరీరమును ఎత్తి దించినచో బండి ముందుకు సాగును. నేలను తన్నుట మొదట బండి కదలించుటకే. బండిని పైకెత్తి వెనుక చక్రమును త్రిప్పి చూచినచో అది ఇంగో అవునో కాదో అర నిమిషములో తేలిపోవును. తాండూరు బండి చక్రము ఇరుసు చుట్టును సమముగా తిరిగినది.

పెద్దవారికి ఇట్టి బండి ఎందుకని కొందరు నవ్వవచ్చును. అసలు రెండు చక్రాల వాహనముల చరిత్రయే కాలితో నేలను తన్నుటతో మొదలైనది. 1817 జూన్ 12న జర్మనీలోని మన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ నడిపిన బండికి పెడళ్లు లేవు. దాని మీద కూర్చుండి కాళ్లతో నేలను నెట్టుచు పోయినాడు. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆమిష్ అనే మతవర్గమువారు అనేకులు నేటికిని సైకిలు ఎక్కరు, కాలి స్కూటరు మీదనే తిరుగుదురు. ఫిన్లండులో పెద్ద కర్మాగారములలో, విమానాశ్రయములలో పనివారు ఒక కొననుండి మరియొక కొనకు పోవుటకు దానిని వాడుకొన్నారు. ఈ చివరి మాటను మనసులో ఉంచుకొనుడు. ముందు అక్కరకు వచ్చును.

ఇప్పుడు కాలనిర్ణయము. పాత బండి మీద వ్రాసిన పేరును నమ్ముట సులభము, కాని రంగు డబ్బా ఉన్నవాడెవడైన పేరు వ్రాయగలడు. నమ్మదగినది లోహము మీద అచ్చు పడిన ముద్ర. దేశనామములే చక్కని సాక్ష్యము చెప్పును. “పశ్చిమ జర్మనీ” అని ఉన్నచో ఆ భాగము 1949కి ముందుది కాదు, 1990కి తరువాతిది కాదు. “ఆక్రమిత జపాను” అని ఉన్నచో 1945, 1952ల నడుమది. మెరుగుపూత కూడ మాటలాడును: నికెలు పూత లేత పసుపు ఛాయతో ఉండును, క్రోమియము పూత నీలి ఛాయతో అద్దమువలె మెరయును. క్రోమియము వర్తకములోనికి వచ్చినది 1920ల చివరనే. రెండవ ప్రపంచ యుద్ధకాలములో బ్రిటనులో సైకిలు భాగములు పెక్కింటికి మెరుగు మాని నల్లరంగుతో సరిపుచ్చినారు. నాలుగు పలుకల గాడి గల స్క్రూ 1930ల నడిమి కాలమున అమెరికాలో వాడుకలోనికి వచ్చినది. అంతకు ముందటి బండి మీద అది కనబడినచో ఎవరో తరువాత బిగించినదని అర్థము. అల్యూమినియము చట్రముతో, మడచుటకు వీలుగా, అరచేతిలో ఇముడు ప్లాస్టిక్కు చక్రాలతో ఉన్నచో చర్చయే లేదు. అది 2000 ప్రాంతమున స్విట్జర్లండు నుండి, తైవాను నుండి వెలువడి ప్రపంచమంతట వ్యాపించిన జాతిది. దానిని పురాతనమని అమ్మజూచువానికి నమస్కారము పెట్టి ఇంటికి రావలెను.

ఒక ముద్రను చూచి బండి అంతటికి వయసు కట్టుట మరియొక పొరపాటు. ముద్ర ఆ భాగము వయసు చెప్పునే గాని బండి వయసు చెప్పదు. తాండూరు బండిలో ఈ సంగతి స్పష్టముగా కనబడినది. ముందు చక్రపు హబ్బు నికెలుది. తుప్పు క్రింద “ఇంగ్లండు” అను మాట తడిమిన తెలియుచున్నది. వెనుక హబ్బు క్రోమియముది, ముద్ర లేదు. నికెలు హబ్బును చూచిన వర్తకుడు బండి మొత్తము ఇంగ్లండుదన్నాడు. అప్పుడు నేను చక్రపు పుల్లలు లెక్కపెట్టినాను.

ఈ లెక్క ఎవరైన చేయవచ్చును, పరికరములు అక్కరలేదు. బ్రిటిషు పద్ధతిలో చేసిన పాత సైకిళ్లలో ముందు చక్రమునకు 32 పుల్లలు, బరువు మోయు వెనుక చక్రమునకు 40. ఐరోపా ఖండములోని సైకిళ్లలో రెండింటికి 36 ఉండుట పరిపాటి. మన దేశపు పెద్ద నల్ల సైకిళ్లు బ్రిటిషు పద్ధతినే అనుసరించినవి. తాండూరు బండి ముందు చక్రమునకు 32. వెనుక చక్రమునకును 32! పైగా వెనుక హబ్బు సన్ననిది, ఫ్రీవీలు బిగించుటకు దానికి మరలు లేవు. అనగా రెండును ముందు చక్రములే. గొలుసు లేని బండికి వెనుక చక్రముతో పనియేమి? ఎవరో తెలివైన పనివాడు రెండు సైకిళ్ల ముందు చక్రములను తెచ్చి ఈ బండికి తగిలించినాడు.

చట్రము సంగతి కూడ అట్లే తేలినది. ముందు ఫోర్కు, మన మెకానిక్కులు చిమ్టా అనునది, మామూలు సైకిలుదే. కడ్డీ బ్రేకు బిగించు రంధ్రములు అట్లే ఉన్నవి. క్రింది గొట్టములు సైకిలు చట్రము నుండి కోసి, వంచి, ఇత్తడితో అతికినవి. అతుకుల చుట్టు ఇత్తడి పొంగి గట్టిపడిన తీరు చూడగా కర్మాగారపు పనితనము కాదు, చేతిపని. పలక టేకుది. స్క్రూలు ఒంటి గాడివి, రెండు మాత్రము నాలుగు పలుకలవి. బండి పొడవు సుమారు ఆరడుగులు. ఇంత పొడవుకు కారణము పనివాని మోజు కాదు. 28 అంగుళముల చక్రములు రెంటిని పెట్టి నడుమ మనిషి నిలుచుటకు చోటు విడువవలసి వచ్చినది. చేతికి దొరికిన సామానే బండి రూపమును నిర్ణయించినది.

కావున ఇది విదేశీ బండి కాదు. ఏ కంపెనీ జాబితాలోను దీని పేరు దొరకదు. ఈ మాట చెప్పినప్పుడు తమ్ముని ముఖము వాడిపోయినది. నాకును కొంచెము జాలి కలిగినది, కాని లేని గొప్పతనమును అంటగట్టుటకు నేను పోలేదు.

మిల్లు పాత కాగితముల కట్టలో ఉర్దూలో వ్రాసిన రసీదు ఒకటి ఉన్నదని పెద్దవాడు తెచ్చి చూపినాడు. నిజాము కాలపు కాగితములు చదువువారికి ఒక సూచన: వాటి మీది సంవత్సరము ఫస్లీ. దానికి 590 కలిపినచో క్రీస్తుశకపు సంవత్సరము వచ్చును. కాని ఫస్లీ సంవత్సరము అక్టోబరు మొదటి వారములో, ఆజుర్ మాసముతో మొదలగును గనుక, జనవరి నుండి సెప్టెంబరు చివర వరకు గల తేదీలకు 591 కలుపవలెను. రసీదు మీద ఖుర్దాద్ మాసము, 1355 అని ఉన్నది. ఖుర్దాద్ ఏడవ మాసము. కనుక అది 1946 ఏప్రిలు ప్రాంతము. వెల హాలీ సిక్కా రూపాయలలో ఉన్నది. రెండు చక్రములు, చిమ్టా సరిచేయుట, కూలి – ఇంతే వ్రాత. ఇది ఈ బండి రసీదే అని నేను ప్రమాణము చేయను; ఇంట మరియొక సైకిలు ఉండి ఉండవచ్చును. నికెలు హబ్బు ఆ కాలమునకు ఒదుగును. వెనుకటి క్రోమియము హబ్బు తరువాత మార్చినదై ఉండవచ్చును.

పేరు తేలినది, కాలము ఇంచుమించుగా తేలినది. ఎందుకు చేయించినారన్నది మిగిలినది. సైకిలు సామానే వాడినప్పుడు సైకిలే కొనుక్కొనక ఈ వింత బండి ఎందుకు? నేను పలకను వెలుగులో పెట్టి చూచినాను. దాని మీద ఒక పాదము అచ్చుగా టేకు అరిగియున్నది, ఎడమ పాదము. మడమ చోట గుంట లోతుగా ఉన్నది. కుడివైపు పలక అంచు మాత్రము కొంచెము నునుపు దేరినది. అనగా ఆయన ఎల్లప్పుడును ఎడమకాలి మీద నిలిచి కుడికాలితోనే తన్నినాడు, కాళ్లు మార్చలేదు. మామూలుగా ఈ బండి నడుపువారు అలసట తీరుటకు అప్పుడప్పుడు కాళ్లు మార్చుకొందురు. మరియొక విశేషము: పలక నేలకు నాలుగు వ్రేళ్ల ఎత్తున మాత్రమే ఉన్నది. పలక ఎంత ఎత్తైన, నిలిచిన కాలి మోకాలు అంత వంగినగాని రెండవ కాలు నేలకు అందదు. పలకను ఇంత క్రిందికి దించుటలో ఆ మోకాలికి వంగు శ్రమ తప్పించు ఉద్దేశము ఉన్నట్లు తోచినది.

“అమ్మా, మీ మామగారి ఎడమ మోకాలికి ఏమైన జబ్బు ఉండెనా?” అని అడిగినాను.

అంతవరకు గడపలో నిలుచున్న ఆమె లోపలికి వచ్చి పలక ప్రక్కన కూర్చున్నది. “మా మామకు ఎడమకాలు మడతవడకపోతుండె సారూ. సైకిలు తొక్కరాకపోతుండె. ఈ బండి మీదనే మిల్లంత తిరుగుతుండె. నేను కోడలిగ వచ్చినప్పటిసంది చూసిన” అన్నది. కొంచెము ఆగి, “అవిటి అని ఎవరన్న అంటె ఊకునేటోడు కాదు. అందుకే ఎవరికి చెప్పలే” అన్నది. వద్దనుటకు కారణము అప్పుడు ఆమె కుమారులకును తెలిసినది.

ఇక ఫిన్లండు మాట గుర్తుకు తెచ్చుకొనుడు. నాలుగు వ్రేళ్ల ఎత్తు పలక బయటి బాటల మీద రెండడుగులు పోకముందే రాయి తగిలి ఆగును. తాండూరు మిల్లు నేల అట్టిది కాదు. ఆ ఊరి గనులలో తీసిన నాపబండలు ఈ కొననుండి ఆ కొనవరకు పరచియున్నవి. కంది బస్తాలు లాగి లాగి అవి అద్దమువలె నునుపెక్కినవి. ఇట్టి నేల ఉన్న ఊరిలోనే ఇట్టి బండి పుట్టగలదు. రెండవ బేరగాని రంగు పని జరిగియుండినచో మొదట చేయునది ఆ పలకను చిత్రిక పట్టి నునుపు చేయుట, లేక తీసివేసి కొత్తది వేయుట.

మా మామయ్య బండి ఆచూకీ ఇంకను తీయుచున్నాను. ఈ వెదకుటలో నేర్చుకొన్న రెండు మూడు మెలకువలు అక్కరగలవారికి చెప్పెదను. పాత ఇనుము దుకాణమునకు మొదట పోవుట దండుగ. అక్కడికి వచ్చినది కొద్ది వారములలో బరువు లెక్కన లారీ ఎక్కిపోవును. ముందు పోవలసినది పాత సైకిలు మరమ్మతు దుకాణమునకు. అక్కడ పనికివచ్చు చక్రము, హ్యాండిలు వంటివి ఊడదీసి ఏండ్ల తరబడి దాచుదురు. బండిని కాక భాగమును అడుగవలెను. పురాతన స్కూటరని అడిగినచో పుష్పక్ చూపుదురు, కాకున్న ధర పెంచుదురు. పెడలు లేని బండి, నిలబడి పోవు సైకిలు అని అడుగవలెను. తాండూరు వైపు ఆ మాటనే తెలుగులోను, ఉర్దూలోను, కన్నడములోను అడుగుట మేలు. పొడవైన వరండాలు, గచ్చునేలలు గల చోట్లు, అనగా పాత ఆసుపత్రులు, మిషను బడులు, మిల్లులు, రైల్వే గోదాములు, వీటి మూలగదులు అడిగి చూడవలెను. సికింద్రాబాదు నుండి వాడీ వరకు 1874లో పడిన మార్గమిది. బొంబాయి సరకు ఈ దారినే దిగెడిది. స్టేషను దాపున కాపురమున్న పాత కుటుంబముల ఫోటోలు చూపుమని కోరవలెను. పెండ్లి ఫోటోలలో గోడకు ఆనించిన బండ్లు కనబడుచుండును. పాత పురపాలక సంఘముల సైకిలు బిళ్ల ఏ చట్రమునకైన తగిలించి యుండినచో దాని మీది సంవత్సరము వ్రాసికొనవలెను. దొరికిన వస్తువును ముందు ఉన్నదున్నట్లు నాలుగు వైపుల ఫోటో తీసి, ఆ తరువాతనే తాకవలెను.

తాండూరువారి తగవు నేనున్నప్పుడే తీరలేదు. మరునాడు తమ్ముడు ఫోను చేసి, 28×1½ టైర్లు తమ వీధి సైకిలు దుకాణములోనే దొరికినవని, రెండు కొన్నానని చెప్పినాడు. పలకను ముట్టుకొనలేదన్నాడు. ముందు బ్రేకు రబ్బరులు ఎండి రాళ్లైనవి, వెనుక చక్రమునకు బ్రేకే లేదు. అవి సరిచేయువరకు మిల్లు గచ్చు దాటి బండిని బయటకు తీయవద్దని చెప్పినాను.